రుచికి నలభై మార్కులు

అక్టోబరు 6, సోమవారం

నాలుగు పెట్టెలు వచ్చాయి. వ్యాన్ డ్రైవర్ వాటిని మెట్ల దగ్గర దించి, సంతకం పెట్టించుకుని, లిఫ్ట్ లేదా అని అడిగాడు. లేదంటే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఒక్కొక్కదాన్నీ పొట్టకి ఆనించుకుని మూడంతస్తులు మోశాను. నడుం పడిపోయింది.

మల్టీ కుక్కర్లు. ప్రెషర్, స్లో కుక్, ఆవిరి, వేపుడు, పెరుగు, కేకు, అన్నీ ఒకే డబ్బాలో. ఈ నెల మా పత్రికలో వీటి మీద ఆరు పేజీల స్పెషల్. వస్తువులు వాడి చూసి, పక్కపక్కన పెట్టి మార్కులు వెయ్యడం పదకొండేళ్లుగా నా ఉద్యోగం. కంపెనీ పేర్ల మీద నల్ల టేపు అంటించి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేశాను. అది రూల్.

ఎడిటర్ ఫోన్ చేశారు. ఆఫీసులో వండితే అది ఇంటి వంట కాదట, మూడు వారాలు మా ఇంట్లోనే వండి చూడాలట. పదకొండు కాలమ్‌ల షీటు పంపారు. టైము, శబ్దం, కరెంటు, మూత బరువు, కడగడం, ఇలాంటివన్నీ కలిపి అరవై మార్కులు. ఆఖరి కాలమ్ రుచి. దానికొక్కదానికే నలభై. మన నాలుక ఉండగా మనకేం బెంగ అన్నారు. ఆఫీసులో నా పేరు అదే. నాలుక.

ఇక్కడైనా నిజం రాసుకోకపోతే ఎలా? మే నెలలో వచ్చిన జ్వరం నా ముక్కు పట్టుకుపోయింది. వాసన లేదు. వాసనతో పాటు రుచీ పోయింది. ఉప్పు వేశానో లేదో కూడా తెలియదు. డాక్టరు నరం అన్నాడు, రావచ్చు అన్నాడు, రాకపోవచ్చు అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ పెట్టెలకీ వ్యాక్యూమ్ క్లీనర్లకీ నాలుకతో పని లేదు కాబట్టి అయిదు నెలలు నెట్టుకొచ్చాను. తెలిస్తే టెస్టింగ్‌లోంచి తీసి ఉత్తరాల సెక్షన్‌లో కూర్చోబెడతారు. అక్కడ ఒక కిటికీ, ఒక స్టేప్లర్. కిటికీ కూడా గోడ వైపే.

అక్టోబరు 7, మంగళవారం

పొద్దున్నంతా మాన్యువల్స్ చదివాను. నాలుగు మాన్యువల్స్‌లోనూ ఒకటే గొడవ: గిన్నె లోపల గీత ఉంటుంది, దాని కంటే తక్కువ వండకూడదు. ఆ గీత నలుగురి కొలత. ఒక్క మనిషికి వండాలంటే ఏం చెయ్యాలో ఏ కంపెనీవాడూ రాయలేదు. ఆ మనిషి గురించి వాళ్లకి తెలిసినట్టు లేదు.

అంకెలతో పిలిచి విసుగొచ్చి పేర్లు పెట్టేశాను. ఒకటి మౌని, వంట అయిపోయినా చెప్పదు. రెండు హడావిడి, పది నిమిషాల వంటకి ఇల్లంతా బుస్సు బుస్సు. మూడు అత్తగారు, మూత తీస్తే కూత, మూత పెడితే కూత, నీళ్లు తక్కువైతే కూత, ఏమీ లేకపోయినా కూత. నాలుగు పెదనాన్న, బండ శరీరం, నిదానం, కూర్చున్న చోటు నుంచి కదలడు. పేర్లు కాగితం మీద రాసి అంకెల కింద అంటించాను. నాలో నేనే నవ్వుకున్నాను. ఇంకెవరున్నారు నవ్వడానికి.

నాలుగింట్లోనూ చిక్కుడు గింజల సూప్. నాలుగు నాలుగులు పదహారు. పదహారు మంది తిండి, ఒక్క నోరు, ఆ నోట్లోనూ ఏమీ లేదు. గుడ్డ పీలిక నమిలినట్టుంది. పక్కింటి లెక్కల మాస్టారికి నాలుగు డబ్బాలు ఇచ్చాను, ఏది బాగుందో చెప్పమని. సాయంత్రం కడిగిన డబ్బాలు తిరిగిచ్చారు. బాగుందన్నారు. ఏది అంటే అన్నీ అన్నారు. ఆయనకి సబ్బు ముక్క పెట్టినా బాగుందనే అంటారు, మంచి మనిషి, ఎందుకూ పనికిరారు.

అక్టోబరు 8, బుధవారం

రుచి కాలమ్ నా అంతట నేను నింపేశాను. 32, 31, 34, 33. ఎంత నమ్మబుద్ధేసే అంకెలో. అయిదు నిమిషాలు చూసి, చించి పారేశాను.

మూడేళ్ల క్రితం నేను మెచ్చుకున్న మిక్సీ కొన్న ఒకావిడ, ఆ పేజీ కత్తిరించి వంటింటి తలుపుకి అంటించుకున్నానని ఉత్తరం రాసింది. ఆవిడ ఎవరో నాకు తెలియదు. కానీ ఆ తలుపు మీద దొంగ అంకె అంటించలేను. అంత సిగ్గు లేకుండా ఇంకా తయారవలేదు.

నమ్మదగిన నాలుక నాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది. దానితో రెండేళ్లుగా మాటల్లేవు.

అక్టోబరు 9, గురువారం

మా ఆయన తల్లి. మా ఆయన కాదు, ఒకప్పటి మా ఆయన. ఆవిడని ఇప్పుడు ఏమనాలో నాకు తెలియదు. విడాకుల కాగితాల్లో ఆ సంగతి రాయలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆసుపత్రి వంటింటికి పెద్ద. నాలుగొందల మంది రోగులు. నా పెళ్లయిన నెలలో నేను చేసిన కూర ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు రెండుసార్లు వేశావు, రెండోసారి కోపంలో వేశావు అన్నారు. నిజమే. ఆ పూట ఆవిడ కొడుకు మీద మండిపడుతున్నాను.

తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. తర్వాత కొడుక్కి ఇంకొకావిడ దొరికింది. హాల్లో నా బట్టలు పెట్టెల్లో సర్దుకుంటుంటే ఆవిడ వంటింట్లో ఉన్నారు. కుళాయి తిప్పిన శబ్దం, కుళాయి కట్టేసిన శబ్దం, అంతే. వెళ్లమని అనలేదు, ఉండమని అనలేదు, కొడుకుని ఒక్క మాట అనలేదు. కొడుకు మీద కోపం ఏడాదిలో పోయింది. ఆ కుళాయి మీద కోపం పోలేదు.

ఇప్పుడు కొడుకు నదికి అవతల కాపురం. ఆవిడ మూడు వీధుల అవతల ఒంటరిగా. కూరల కొట్లో కనబడితే ఇద్దరం టమాటాలు చూసుకుంటాం.

అక్టోబరు 10, శుక్రవారం, సాయంత్రం

వెళ్లాను.

నాలుగు స్టీలు డబ్బాలు, సంచీ, చేతిలో షీటు. బెల్ కొట్టాక ఆవిడ ఎంతకీ రాలేదు. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. అత్తయ్యా అనే హక్కు లేదు. ఆంటీ అంటే ఆవిడే నవ్వుతారు. ఏమండీ అనబోయి నాలుక కరుచుకున్నాను, ఆ పిలుపు తొమ్మిదేళ్లు ఆవిడ కొడుక్కి వాడింది. చివరికి "నేనే" అన్నాను. తలుపు తీశారు. చిక్కిపోయారు.

అబద్ధం చెప్పాను. పత్రిక కొత్త రూలు పెట్టింది, బయటి మనిషి రుచి చూడాలి, అనుభవం ఉన్నవాళ్లయితే మంచిదన్నారు అని. ఆవిడ చాలాసేపు డబ్బాల వైపు చూశారు. తర్వాత మోచేతుల దాకా చేతులు కడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, ముందు నన్ను ఒక చెంచా తినమన్నారు. వండినవాళ్లు తినందే ఆసుపత్రిలో ఏదీ బయటికి వెళ్లేది కాదట. తిన్నాను. ఆవిడ తిన్నారు. కళ్లు మూసుకున్నారు.

ఒకటోది ఉడికింది గానీ కలవలేదట, గింజ గింజా విడివిడిగా అలిగి కూర్చుందట. రెండోది తొందరపడిందట. మూడోది పర్వాలేదట. నాలుగోది బాగా మగ్గిందట, ఓపికున్నవాళ్ల వంటలా ఉందట. గబగబా రాసుకున్నాను. మార్కులు కూడా ఆవిడే వేశారు. 26, 22, 29, 35.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, రేపేం వండుతున్నావు అని అడిగారు.

అక్టోబరు 12, ఆదివారం

ఆదివారాలు కొడుకు వస్తాడు. వెళ్లలేదు. పదహారు మంది అన్నం వండి, ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్రిజ్ తలుపు మూశాను.

అక్టోబరు 14, మంగళవారం

డబ్బాల్లో చల్లారిపోయినవి తిని మార్కులెలా వేస్తారని నిన్న కోప్పడ్డారు. ఇవాళ పదకొండింటికి ఆవిడే వచ్చారు. మూడంతస్తులకి నాలుగుసార్లు ఆగి ఉంటారు, ఆగిన ప్రతిసారీ గోడ మీద చెయ్యి ఆనిన చప్పుడు వినబడింది. నేను కిందికి దిగి చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. పైన తలుపు దగ్గర నిలబడి విన్నాను.

వంటిల్లంతా తిరిగి చూశారు. మెషిన్ల దగ్గరికొచ్చి కళ్లజోడు పెట్టుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, కాగితాలు పీకలేదని. మౌని చదివారు. హడావిడి చదివారు. మూడోదాని దగ్గర ఆగిపోయారు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండును అనిపించింది.

అత్తగారని ఎందుకు పెట్టావని అడిగారు. ప్రతిదానికీ కూస్తుందండీ, అందుకు, అన్నాను. సరిగ్గా ఆ క్షణానే ఆ దిక్కుమాలిన మెషిన్ కూసింది. ఆవిడ దాని మూత మీద చెయ్యి వేసి, అది చల్లబడేదాకా అలాగే నిలబడ్డారు.

"నేను కూశానా ఎప్పుడైనా?" అన్నారు. "కూయాల్సిన రోజున కూడా కూయలేదు కదే."

ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. ఇవాళ్టి వంటలో ఉల్లిపాయలు లేవు. వాసన రాకపోయినా ఉల్లిపాయలు కళ్లని మండిస్తాయి, అదొక్కటి మిగిలింది, దాని చాటున బాగానే ఏడ్చాను.

అక్టోబరు 15, బుధవారం

పేరు మార్చమంటారా అని అడిగాను. వద్దన్నారు. ఆ మెషిన్‌కి రెండు మార్కులు ఎక్కువ వేశారు. పక్షపాతం.

అక్టోబరు 17, శుక్రవారం

రోజూ పదకొండు. నేను పదిన్నర నుంచే మెట్ల వైపు చెవి పెట్టుకుని ఉంటున్నాను. నలభై మూడేళ్లొచ్చి ఇదేం పిచ్చో.

ఇవాళ చికెన్ సూప్, ఆవిరి మీద క్యారెట్లు. మౌని సూప్‌లో నీళ్లు నీళ్లుగా, మాంసం మాంసంగా ఉన్నాయట, ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదట. పెదనాన్న సూప్ గొంతులోకి దిగాక వెనక్కి తిరిగి ఇంకో మాట చెప్పి వెళ్తుందట. అలా చెబుతారు. ఆవిడ చెబుతుంటే నాకు రుచి వినబడుతోంది. నా నోట్లో ఏమీ లేదు, అయినా తింటున్నాను. ఇవాళ రెండోసారి వడ్డించుకున్నాను. మే తర్వాత ఇదే మొదలు.

పాత సంగతులు మాట్లాడుకోం. గీత కంటే తక్కువ వండకూడదు కాబట్టి ఎలాగూ నలుగురిది వండాలి, ఇద్దరుంటే మిగిలేది ఇద్దరిదే, అన్నారు. తలుచుకుంటే నిజమే కదా అనిపించింది.

అక్టోబరు 18, శనివారం

సగం షీటు ఆఫీసుకి పంపాను. గంటలో ఎడిటర్ ఫోన్. మార్కులు సరే, ఆ మాటలు ఎక్కడివి అన్నారు. గింజ గింజా అలగడమేమిటి, సూప్ వెనక్కి తిరగడమేమిటి, పదకొండేళ్లలో నువ్విలా రాయలేదే, ఈ వాక్యాలు కవర్ మీద పెద్దక్షరాల్లో వేస్తున్నాను అన్నారు. పెదనాన్నే విజేత అని అప్పుడే ఖాయం చేసేశారు.

థాంక్యూ సార్ అన్నాను. సిగ్గు లేని నోరు.

అక్టోబరు 20, సోమవారం

మా పనిలో దొంగగిన్నె అని ఒకటుంది. రుచి చూసే మనిషికి చెప్పకుండా ఒకే వంటని రెండు గిన్నెల్లో వేసి, వేరువేరు అంకెలు పెట్టి ఇస్తాం. రెండింటికీ దగ్గర దగ్గర మార్కులొస్తే ఆ నాలుకని నమ్మవచ్చు. ప్రతి టెస్టులోనూ చెయ్యాలి. ఈ టెస్టులో పదిరోజులుగా వాయిదా వేస్తున్నాను. ఆవిడకి పరీక్ష పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇవాళ షీటులో ఆ గడి ఖాళీగా ఉందని ఆఫీసు నుంచి మెయిల్. చేశాను. రెండో మెషిన్‌లో ఉడికిన బంగాళదుంపలే రెండు గిన్నెల్లోనూ. అలవాటుగా ముందు నేను తిన్నాను. మొదటి గిన్నె తింటున్నప్పుడు కుక్కర్ బుస్సుమంటే ఉలిక్కిపడి మొహం చిట్లించాను. రెండో గిన్నె మామూలుగా తిన్నాను.

మొదటిదానికి 19 వేశారు. రెండోదానికి 34.

ఎండలో నడిచొచ్చారు, అలిసిపోయారు, నాలుకకి కూడా అలుపొస్తుంది. ఆ గడిలో 33, 34 అని రాసి పంపించాను. చించి పారేసిన అంకెలకీ దీనికీ తేడా ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు. నేనే అడుక్కున్నాను, అడుక్కుని గిన్నెలు కడిగాను.

అక్టోబరు 22, బుధవారం, మధ్యాహ్నం 3

వరసగా రాస్తాను.

పాలతో జావ. పెదనాన్నలో, ప్రెషర్ మీద. మిగతా మూడూ అయిపోయాయి, ఇది ఆఖరు. వంటింటి తలుపు వేసి ఉంచాం, శబ్దం కొలిచేటప్పుడు అలా వెయ్యాలి. టైము అయ్యాక నేను లోపలికి వెళ్లి పైపైన రెండు గిన్నెల్లోకి తోడుకుని వచ్చాను. అడుగు వరకూ గరిటె పెట్టలేదు. ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చుని తిన్నాం. ఆవిడ కళ్లు మూసుకుని, తెరిచి, ఇన్ని రోజుల్లో ఇదే అన్నిటికంటే గొప్పగా ఉందన్నారు. 38 వేశారు. కాస్త పొగడ్త కూడా కలిపారు. నేను రాసుకుంటున్నాను.

తలుపు దబదబా బాదారు. లెక్కల మాస్టారు, ముక్కుకి తడి తువ్వాలు, వెనకాల ఇద్దరు ట్యూషన్ పిల్లలు. మెట్లన్నీ మాడు కంపు, కింది అంతస్తువాళ్లు బయటికి వచ్చేశారు, ఏమైందని అడిగారు. ఆయన మా గిన్నెల వైపు చూశారు. తెల్లటి జావలో గోధుమ రంగు పెచ్చులు తేలుతున్నాయి. ఇద్దరివీ సగం పైగా ఖాళీ. ఆయన మమ్మల్ని మార్చి మార్చి చూశారు.

మీకు వాసన రావట్లేదా అన్నారు.

వస్తోంది, అన్నాను. వస్తోంది, అన్నారు ఆవిడ. ఇద్దరం ఒకేసారి.

ఆయన వంటింట్లోకి వెళ్లి ప్లగ్ పీకి, కిటికీలు తెరిచి, గిన్నె కుళాయి కింద పెట్టి వెళ్లిపోయారు. తలుపు మూసుకున్నాక ఆవిడే అడిగారు.

"నీకెప్పటి నుంచి?"

"మే నుంచి. మీకు?"

"ఏడేళ్లు."

నవ్వొచ్చింది నాకు. ఘోరంగా నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. గిన్నెలోకి చూస్తూ చెప్పుకుపోయారు. ఆసుపత్రిలో ఆఖరి ఏడాది ఒక వార్డు మొత్తానికి సూప్‌లో ఉప్పు రెండుసార్లు పడిందట. నర్సులు తిప్పి పంపారట. అసిస్టెంట్ వేసిందని ఈవిడే చెప్పారట. ఆ అమ్మాయి వెయ్యలేదు. ఆ అమ్మాయిని గిన్నెలు కడిగే చోటికి మార్చేశారట. రెండు నెలలకి ఈవిడ రిటైరైపోయారు. ఇంట్లో గరిటె కూడా అప్పుడే నా చేతికిచ్చేశారు, ఎందుకో ఇవాళ తెలిసింది. ఏడేళ్లుగా కొడుక్కి కూడా చెప్పలేదట.

మరి ఆ మాటలన్నీ ఎలా చెప్పారు, ఆ మార్కులు ఎక్కడివి అన్నాను.

నీ మొహం చూసి, అన్నారు. ముందు నన్ను తినమన్నది అందుకేనట. నేను ఎలా నమిలితే అలా, ఎంతసేపట్లో మింగితే అన్ని మార్కులు. నా నాలుక ఎంత గట్టిదో ఆవిడకి తెలుసు కదా, అందుకే ధీమాగా వేశారట. నేనేమో ఆవిడ నాలుకని నమ్మి, ఏదీ తెలియని మొహం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. పన్నెండు రోజులు. కవర్ మీద పెద్దక్షరాలు.

తెలియదని మొదటిరోజే చెప్పొచ్చు కదా అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, ఉద్యోగం గుర్తొచ్చి.

"నాలుగు డబ్బాలు పట్టుకుని వచ్చావు," అన్నారు. "తెలియదంటే వెళ్లిపోతావు కదే."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఈసారి కూడా నేను మెట్లు దిగలేదు.

అక్టోబరు 23, గురువారం

పదకొండు దాటింది. పన్నెండు కూడా.

అక్టోబరు 24, శుక్రవారం

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మాస్టారు ఎవరికీ చెప్పే మనిషి కాదు. పెదనాన్న నిజంగానే మంచి మెషిన్ అయి ఉండొచ్చు కూడా. పొద్దున బస్సులో ఇదంతా నాకు నేను చెప్పుకుంటూనే ఆఫీసుకి వెళ్లాను. ఆ గిన్నెలు కడిగే చోటికి పంపిన అమ్మాయి మాత్రం బుర్రలోంచి పోలేదు. నేను చూసి కూడా ఎరగను ఆ అమ్మాయిని.

ఎడిటర్ టేబుల్ మీద కవర్ ప్రూఫ్ ఉంది. పెద్దక్షరాలు అచ్చంగా ఆవిడ మాట్లాడినట్టే ఉన్నాయి. చెప్పేశాను. ముక్కు, నాలుక, మే నెల, బయటి మనిషి, దొంగగిన్నెలో నేను రాసిన దొంగ అంకెలు, అన్నీ. ఆవిడ ముక్కు సంగతి మాత్రం చెప్పలేదు, అది చెప్పే హక్కు నాది కాదు. ఆయన తిట్టలేదు. ప్రూఫ్ తిరగేసి పెట్టారు. రుచి కాలమ్ మొత్తం కొట్టేసి ఆఫీసులో మళ్లీ చేయిస్తామన్నారు, మిగతా అరవై మార్కులు నీవే ఉంటాయి అన్నారు. వచ్చే నెల నుంచి ఉత్తరాల సెక్షన్‌కి రమ్మన్నారు. అప్పుడు నాలుక అనకుండా పేరు పెట్టి పిలిచారు. పదకొండేళ్లలో మొదటిసారి. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

అక్టోబరు 26, ఆదివారం

ఆదివారం వెళ్లకూడదు. వెళ్లాను. ఆఫీసులో చెప్పేశానని ఆవిడకి చెప్పాలి, ఆవిడ పేరెక్కడా రాలేదని చెప్పాలి, లేకపోతే కంగారుపడుతూ కూర్చుంటారు. దారంతా ఇదే సాకు చెప్పుకున్నాను. మూడు రోజులుగా తిండి దిగడం లేదు, అది అసలు సంగతి.

తలుపు కొడుకు తీశాడు. లావయ్యాడు. అతన్ని చూడగానే నేను తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. అత్తయ్య ఉన్నారా అని అడిగేశాను. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను తలుపుకి అడ్డంగా నిలబడి, ఏమైనా కాగితాల మీద సంతకాలు మిగిలిపోయాయా అని మర్యాదగా అడిగాడు. లేవన్నాను. మరి ఏమిటన్నట్టు చూశాడు. చేతిలో డబ్బాలు లేవు. టెస్ట్ కూడా అయిపోయింది.

లోపల్నించి ఎవర్రా అని ఆవిడ గొంతు.

ఎవరూ కాదమ్మా, అన్నాడు.

తల తీసేసినట్టయింది. తిరిగి మెట్ల వైపు ఒక అడుగు వేశాను. వంటింట్లో కుళాయి పారుతోంది. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. ఠక్కున ఆగిపోయింది.

"ఎవరూ కాని మనిషితో గుమ్మంలో అంతసేపు ఏం మాట్లాడుతున్నావురా? పక్కకి జరుగు. నేనే రమ్మన్నాను భోజనానికి."

ఆవిడ నన్ను రమ్మనలేదు.

అతను జరిగాడు. ముగ్గురం తిన్నాం. నా కంచంలో ఆవిడ అడక్కుండానే రెండోసారి వడ్డించారు, వద్దని అడ్డం పెట్టిన నా చేతి మీద గరిటెతో తట్టారు. కొడుకు మొదటి ముద్దకే ఆగి, ఏమీ అనకుండా గ్లాసుడు నీళ్లు తాగాడు. కాసేపటికి ఇంకో గ్లాసు. తర్వాత మూడోది. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం ఇలాగే తాగుతున్నాడేమో, ఒక్క మాట అనకుండా. మొదటిసారి అతని మీద కొంచెం గౌరవం కలిగింది. నేనూ ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగేది కాదు.

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు, ఆఫీసులో చెప్పేశానని చెప్పాను. ఏమన్నారు అని అడిగారు. ఉత్తరాలు అన్నాను. ఆవిడ ఎంగిలి కంచాలు ఒకదాని మీద ఒకటి పెడుతూ, ఆ అసిస్టెంట్ పిల్ల అడ్రసు ఆసుపత్రిలో ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటుందా అన్నారు. కనుక్కుందామన్నాను.

అక్టోబరు 30, గురువారం

వ్యాన్ వచ్చింది. నాలుగు మెషిన్లూ వెళ్లిపోయాయి. కాగితాలు పీకాను, అత్తగారు అన్నది మాత్రం చిరిగి సగం దానికే అతుక్కుపోయింది. బల్ల మీద నాలుగు గుండ్రటి మరకలు. ఇంక ఆవిడ మూడంతస్తులు ఎక్కడానికి కారణం ఏదీ లేదు. కొత్త కారణం వెతుకుతూ సాయంత్రమంతా గడిపాను, ఒక్కటీ తట్టలేదు.

నవంబరు 8, శనివారం, 11:20

పదకొండింటికి మెట్ల మీద గోడకి చెయ్యి ఆనిన చప్పుడు. ఈసారి దిగి వెళ్లి పట్టుకున్నాను.

స్టవ్ మీద మామూలు గిన్నె. ఇద్దరికి సరిపడా. అత్తయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకోలేదు, నా మొహం చూడలేదు.

"వేడిగా ఉంది," అన్నారు.

తిన్నాను. అవును, వేడిగా ఉంది.